పండుగ ముందు రోజు ఆగిపోయే వెబ్‌సైట్

నాకు అనుమానం ఎక్కువ. నాతో పనిచేసిన వాళ్లందరూ నా వెనకాల అనుకున్నదే ఇది, ఇప్పుడు నేనే ముందుకొచ్చి చెబుతున్నాను. పాలు పోసే మనిషి "ఇయ్యాల మస్తు చిక్కగున్నయక్కా" అంటే, అడగకుండా ఎందుకు చెప్పాడా అని గిన్నె పట్టుకుని అక్కడే నిలబడతాను. "నీకు కంప్యూటర్ల ఉద్యోగం ఎట్ల ఇచ్చిన్రో ఏమో, ఠాణాల కూసోవలసినదానివి" అని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. రిటైరై జనగామలో ఇంటిపట్టున ఉన్నా ఆ గుణం మాత్రం రిటైరు కాలేదు.

వెబ్‌సైట్లు తయారుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవం చెప్పండి" అని అడుగుతుంటారు. ఏ బటన్ ఎక్కడ పెట్టాలి, ఏ రంగు మీద ఏ అక్షరం కనిపిస్తుంది అన్నవి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగినది ఒకటుంది. అది అనుమానించడం గురించి. ఎవరిని అనుమానించాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది. అది ఏ క్లాసులోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రభుత్వ వెబ్‌సైట్లను తనిఖీ చేసే చిన్న బృందానికి, ఉద్యోగంలో ఉన్నప్పుడు, నేను పెద్దను. పెద్దను అంటే ఎక్కువ తిరిగేదాన్ని అని అర్థం. మహబూబాబాద్‌కు రైలు, భూపాలపల్లికి హనుమకొండలో దిగి బస్సు. బొగ్గు లారీల వెనకాల ఆ బస్సు నడుస్తుంటే కిటికీ తెరవాలో మూయాలో తెలిసేది కాదు.

అప్పటికి ఒక నియమం గట్టిగా అమలుకు వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్‌ను మౌస్ ముట్టుకోకుండా, కీబోర్డు ఒక్కదానితోనే మొత్తం వాడగలగాలి. ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక లింకు నుంచి ఇంకో లింకుకు చేరాలి. ఎంటర్ నొక్కితే తెరుచుకోవాలి. ఎక్కడా ఇరుక్కుపోకూడదు. చూపు లేనివాళ్లకు బాణం గుర్తు ఎక్కడుందో కనిపించదు కదా, మౌస్ వాళ్లకు దేనికి? చేతులు వణికేవాళ్లకూ అంతే. వాళ్లందరికీ కీబోర్డే దారి. భూపాలపల్లిలో తయారైన ఒకే నమూనా సైటును మూడు జిల్లాలకూ పెట్టారు. కీబోర్డు పరీక్షలో అది చక్కగా నెగ్గింది. ధ్రువపత్రం వచ్చింది. ఫోటోలు దిగారు. ఇంత చక్కగా నెగ్గిందేమిటా అని నాకు అప్పుడే కొంచెం తేడాగా అనిపించింది, కానీ నాకు అనిపించనిది ఏది?

ఆ తరువాత ఏడాది తిరిగాక మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కలెక్టరాఫీసులో జనం ఫోన్ చేసి అడిగేందుకు ఒక సహాయ కేంద్రం ఉంది. పింఛను ఎక్కడ ఆగింది, సర్టిఫికెట్ వచ్చిందా, దరఖాస్తు ఎవరి దగ్గరుంది అని అడిగితే, అక్కడివాళ్లు జిల్లా సైటు తెరిచి చూసి చెబుతారు. ఫోన్ చేసింది దాని సూపర్‌వైజరు, రఘునాథపల్లి వైపు భూములున్న ఇంటి మనిషి. గొంతు ఎప్పుడూ సగం నవ్వుతున్నట్టే ఉంటుంది.

"మేడం, మా దగ్గర గార్ల ఊరి పిల్ల ఒకామె ఉన్నది గదా, కండ్లు కనవడయి. మిగిలిన దినాలు పని మంచిగనే చేస్తది. పండుగ ముందటి రోజు అచ్చినదంటే సైటు బంద్ అయింది అంటది. ప్రతి పండుగకు గిదే కథ. దసరా సెలవులకు ముంగట ఆమె కాంట్రాక్టు సంగతి తేల్చాలె. మీరొకపారి అచ్చి చూసి, సైటు మంచిగనే ఉన్నదని రాసిస్తే అయిపోతది."

"ఆమెను తీసేస్తే ఆ సీట్ల ఎవరు కూసుంటరు?" అని అడిగాను.

"ఎవరో ఒకరు. మా సుట్టాల పిలగాడు ఒకడున్నడు, డిగ్రీ అయింది" అన్నాడు. అన్నాక దగ్గాడు.

ఆ దగ్గును మనసులో ఒక పక్కన పెట్టుకుని రైలెక్కాను.

నేను పోయిన రోజు మామూలు పనిదినం. ఆ అమ్మాయి మూలన కూర్చుని ఉంది. చెవులకు హెడ్‌ఫోన్, వేళ్లు కీబోర్డు మీద. ముందున్న స్క్రీన్ నల్లగా ఆపేసి ఉంది. స్క్రీన్ ఆపేసి పనిచేస్తున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. పని నటిస్తోందేమో అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. ఆమెకు ఆ వెలుతురుతో పనేముంది? స్క్రీన్ మీది అక్షరాలను తెలుగులో చదివి చెవిలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. ఆమె చూపంతా అదే.

ఫోన్ మోగింది. అవతల ఎవరో ముసలాయన, పింఛను గురించి. "జర ఆగు బాపు, చూస్తున్న" అన్నది. వేళ్లు టకటకా కదిలాయి. "మీది మండలం ఆఫీసుల ఆగింది బాపు. బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు ఇంకొకటి ఇయ్యాలె. ఎవరికీ ఏం ఇయ్యకు, జిరాక్సు ఒక్కటి ఇయ్యి" అన్నది. పక్కన చూపున్నవాళ్లు ఇంకా పేజీ వెతుకుతుండగానే ఈమె ఫోన్ పెట్టేసింది.

ఇంత చలాకీగా చేసే మనిషి పండుగ ముందే ఎందుకు ఆగుతుంది? నా అనుమానం తగ్గకపోగా పెరిగింది. పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, అడగవలసింది నేరుగా అడిగాను.

"పండుగ ముందటి రోజు సైటు నడుస్తలేదంటున్నవట. ఊరికి జల్ది పోదామనా?"

ఆమె హెడ్‌ఫోన్ తీసి నా గొంతు వైపు తిరిగింది. కోపంతో ముఖం ఎర్రబడింది. "మేడం, కిందటి దసరాకు బంద్ అయింది. క్రిస్మస్‌కు అయింది. రంజాన్‌కు సుత అయింది. నేను మూడు మతాలల్ల పుట్టిన్నా?"

అప్పుడు చూశాను. నిజానికి ఆమె మెడలో సిలువ ఉంది. దసరాకు ఊరికి తొందరపడవలసిన అవసరం లేదు.

"బంద్ అయితే నీకు ఏం వినవడ్తది?"

"గ్రాఫిక్ అంటది. అంటే ఏదో బొమ్మ ఉన్నదని. ట్యాబ్ కొడితే ‘ముందుకు’ అంటది. మళ్ల కొడితే ‘వెనుకకు’. మళ్ల ‘ముందుకు’. పొద్దందాక కొట్టినా గంతే. లోపలికి పోనియ్యది."

"మీ సారును పిలువలేదా?"

"పిలిచిన. సారు అస్తడు, స్క్రీన్ ఏస్తడు, మౌస్ కదిలిస్తడు. ‘మంచిగనే ఉన్నది గదా’ అంటడు. నిజంగనే గప్పుడు నడుస్తది మేడం! సారు పోయినంక పేజీ మళ్ల తెరిస్తే మళ్ల గదే. ఏమున్నది సార్ అని అడిగితే, ఏం లేదు అంటడు. రొండు మూడుసార్లు పిలిచినంక పిలువబుద్ధి కాలే. అబద్ధం ఆడుతున్నట్టు చూస్తున్నరని గొంతులనే తెలుస్తది." హెడ్‌ఫోన్ తీగను వేలికి చుట్టుకుంటూ, "మా ఇంట్ల నౌకరీ నాదొక్కదానిదే మేడం. అమ్మ నాయిన మిరపకాయ ఏరవోతరు. గిది పోతే మళ్ల నన్నెవరు తీసుకుంటరు?" అన్నది.

ఆ చివరి ప్రశ్న విని కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను. అయినా కరిగిపోలేదు. జాలిపడి నమ్మేస్తే నేను అక్కడికి పోయి ప్రయోజనం లేదు.

తిరుగు రైల్లో అనుమానాన్ని ఆ అమ్మాయి మీద నుంచి తీసి సూపర్‌వైజరు మీద పెట్టాను. చుట్టాల పిల్లగాడు ఉండనే ఉన్నాడు. పండుగ ముందు రోజు ఏదో తీగ పీకి, పిలిస్తే వచ్చి మౌస్ కదిలించినట్టు నటించి సరిచేస్తున్నాడా? కాజీపేట వచ్చేసరికి ఆయన్ను దాదాపు జైల్లో పెట్టేశాను. జనగామ దగ్గరికి వస్తుండగా ఒక సంగతి అడ్డం వచ్చింది. ఆయనకు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటేనే తీయడం రాదు, మనిషిని పిలుస్తాడు. అంత కుట్ర ఎక్కడ చేస్తాడు?

మిగిలింది భూపాలపల్లి. సైటు తయారుచేసిన మనిషి అక్కడే కూర్చుంటాడు. పనివంతుడు, నెమ్మదైనవాడు, నన్ను అక్కా అని పిలిచేంత చనువున్నవాడు. ఆఫీసు పని మీద వచ్చినప్పుడు మాత్రం మేడం అంటాడు. నేను పోగానే ఆ రోజు మేడం అన్నాడు. టీ తెప్పించాడు. అడగకముందే సమోసా కూడా తెప్పించాడు. అక్కడ నాకు అనుమానపు గంట మోగింది.

తన కంప్యూటర్ మీద సైటు తెరిచి, మౌస్‌ను బోర్లించి పెట్టి, ట్యాబ్ నొక్కుతూ పోయాడు. ఒక్కచోట ఆగలేదు. మెనూ, వార్తలు, దరఖాస్తులు, ఫోన్ నంబర్లు అన్నీ వరుసగా వచ్చాయి. చూడముచ్చటగా ఉంది.

"పండుగల ముంగట సైటుల ఏమన్న మారుస్తరా?" అని అడిగాను.

"సైటును ముట్టనే ముట్టం మేడం" అన్నాడు. అంటున్నప్పుడు నా వైపు చూడలేదు, సమోసా వైపు చూశాడు.

నలభై మంది ముందు అబద్ధం చెప్పినా కళ్లలోకి చూసి చెప్పేవాళ్లను నేను చూశాను. ఈయన అలాంటివాడు కాదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, నిజమూ కాదు. మధ్యలో ఏదో ఉంది. అదేమిటో పండుగ ముందు రోజున, ఆ కుర్చీ దగ్గర నిలబడి చూస్తే తప్ప తెలియదనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా పోవాలనీ అనుకున్నాను.

సద్దుల బతుకమ్మ ముందు రోజు పొద్దున్నే రైలెక్కాను. పెట్టెనిండా తంగేడు పూల కట్టలు. సీట్ల కింద, మనుషుల ఒళ్లో, తలుపు దగ్గర అన్నీ పూలే. మహబూబాబాద్‌లో దిగేసరికి నా చీర కొంగు పసుపైంది. ఆ మధ్యాహ్నమే పెద్దసారు, అంటే ఆ కాంట్రాక్టులు తేల్చే పెద్ద అధికారి, సెలవుపై పోయేలోపు ఫైళ్లు చూస్తాడని అప్పటికే తెలుసు. ఆ అమ్మాయి ఉద్యోగం అందులో ఒక ఫైలు.

ఆఫీసు సగం ఖాళీ. సూపర్‌వైజరు నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. వెంటనే సర్దుకుని నవ్వాడు. "రాండ్రి రాండ్రి మేడం. చెప్పకుండనే అచ్చిన్రు. ఇగో, అచ్చం నేను చెప్పినట్టే ఇయ్యాల సుత పొద్దుగాలనే బంద్ అన్నది. కూసోండ్రి, మీరే చూడుండ్రి" అంటూ ఆ అమ్మాయి పక్క కంప్యూటర్‌లో జిల్లా సైటు తెరిచి, మౌస్ పట్టుకుని ఒకసారి టక్కున నొక్కి, కుర్చీ నా వైపు జరిపాడు.

నేను కూర్చోలేదు.

"ఇప్పుడు ఏం చేసిన్రు?"

"ఏం చేయలే మేడం."

"మౌస్ నొక్కిన్రు."

"నొక్కలే మేడం. సైటు తెరిచిన, గంతే."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను నిలబెట్టేసింది. నిజంగానే తను ఏమీ చేయలేదనుకుంటున్నాడు. ఎవరైనా వస్తే కుర్చీ మీది దుమ్మును చేత్తో దులిపి కూర్చోమంటాం చూడండి, దులిపామని మనకే గుర్తుండదు. అలా ఉంది ఆయన మొహం.

"ఇంకొకపారి తెరువుండ్రి. మెల్లగ."

తెరిచాడు. పేజీ రాగానే దాని మీద, స్క్రీన్ నిండా, ఒక పెద్ద రంగుల బొమ్మ వచ్చింది. బంతిపూలు, బతుకమ్మ, ఒక పక్కన చేతులు జోడించిన పెద్దమనిషి ఫోటో, కింద ఇంకొందరు చిన్న పెద్దమనుషులు. శుభాకాంక్షలు. అటూ ఇటూ రెండు బాణాలు, ఇంకో పెద్దమనిషి శుభాకాంక్షలు చూడాలంటే. పై మూలన కంటికి ఆనీ ఆనని ఇంటూ గుర్తు. సూపర్‌వైజరు చెయ్యి మళ్లీ దానంతటదే ఆ గుర్తు మీదికి పోబోయింది.

"ఆగుండ్రి!" అని నేను అరిచినట్టున్నాను. పక్క గది నుంచి ఒకరిద్దరు తొంగి చూశారు.

"గదా మేడం? గది శుభాకాంక్షల బొమ్మ. పండుగలకు ఏస్తరు. గది తీసేస్తేనే గద సైటు అచ్చేది" అన్నాడు ఆయన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మౌస్ పక్కకు తోసి, ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ తీగ పీకేసి, ఆమె కంప్యూటర్‌లో అదే పేజీ తెరిచి ట్యాబ్ నొక్కాను. సాఫ్ట్‌వేర్ గొంతు గదిలో అందరికీ వినిపించింది. గ్రాఫిక్. ముందుకు. వెనుకకు. ముందుకు. వెనుకకు. ఎస్కేప్ నొక్కాను. ఎంటర్ నొక్కాను. ఆ ఇంటూ గుర్తు మీదికి కీబోర్డు పోనే పోదు. బొమ్మ తీయాలంటే మౌస్ కావాలి. మౌస్ వాడాలంటే కళ్లు కావాలి.

"గిదే మేడం!" అన్నది ఆ అమ్మాయి, లేచి నిలబడి. "గిదే! నేను చెప్పింది గిదే!"

ఆ గొంతు అలా ముందుకు వెనుకకు అంటూనే ఉంటే, సూపర్‌వైజరు నోరు కొంచెం తెరిచి వింటూ ఉండిపోయాడు. అప్పటిదాకా ఆయన దాన్ని చూశాడే గానీ, ఎన్నడూ వినలేదు.

ఆ బొమ్మను పండుగలకు, జెండా పండుగలకు, పెద్దవాళ్ల పుట్టినరోజులకు ముందు రోజే వేస్తారు. ఆ రోజు గడవగానే తీసేస్తారు. కీబోర్డు పరీక్ష రోజున అది లేదు. నేను మొదట వచ్చిన రోజున లేదు. మిగిలిన ఆఫీసు అంతా దాన్ని మౌస్‌తో తోసేసి పని మొదలుపెడుతుంది. తోసేశామని ఎవరికీ తెలియదు. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. ఎవరూ లెక్కలోకి తీసుకోని పని ఒకటి ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. అది చేయలేని మనిషి వచ్చేదాకా అది పని అని కూడా తెలియదు.

వరండాలోకి పోయి భూపాలపల్లికి ఫోన్ చేశాను.

"పండుగకు సైటుల ఏమన్న మారుస్తరా అని అడిగిన గద నిన్ను?"

"సైటు ముట్టలే మేడం. గది సైటు కాదు. గుమ్మానికి కట్టే దండ అసొంటిది."

"దండ కడితే తలుపు తెరుచుకోవద్దా? గా ఇంటూ గుర్తు కీబోర్డుకు ఎందుకు అందుతలేదు? మరిచిపోయినవా?"

"మరువలే అక్కా." మేడం పోయి అక్క వచ్చింది. "మొదలు ఎస్కేప్ కొడితే మూసుకునేటట్టే చేసిన. సైటు మొదలుపెట్టిన నాడు ఎవరిదో చెయ్యి కీబోర్డు మీద వడ్డది, బొమ్మ మాయమైంది. పెద్దమనిషి మనుషులు అప్పటికి ఫోటో దిగలే. ఒక్క బటన్‌తోని సారు మొఖం తీసేస్తరా అని లొల్లి లొల్లి చేసిన్రు. గంత అల్కగ పోవద్దు అని పైనించి చెప్పిన్రు. గందుకే మౌస్‌తోనే పోయేటట్టు పెట్టిన."

"మరి కీబోర్డు పరీక్షకు ఇచ్చిన కాపీల గా బొమ్మ ఎందుకు పెట్టలే?"

"పెడితే ఫెయిల్ అయితది గదక్కా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీదనా, లొల్లి చేసినవాళ్ల మీదనా, నవ్వుతూ ధ్రువపత్రం పట్టుకుని ఫోటో దిగిన మా అందరి మీదనా, తేల్చుకోలేకపోయాను. ఇప్పుడే మార్చు అన్నాను. ఆర్డర్ లేకుండా ముట్టనన్నాడు. "ఫోటో మీద చెయ్యి పెట్టినోడని నా పేరే అస్తది. మీరు రిటైర్ అయి పోతరు. నేనింకా చాన ఏండ్లు చేయాలె" అన్నాడు. ఆ భయం నిజమైనదే. దానిని కాదనలేను.

మధ్యాహ్నం పెద్దసారు గదికి ముగ్గురం పోయాం, నేను, సూపర్‌వైజరు, ఆ అమ్మాయి. పెద్దసారు వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి, మాట పుస్తకంలా ఉంటుంది. టేబుల్ మీద ఫైలు తెరిచి ఉంది. పండుగల ముందు విధులకు ఆటంకం కలిగిస్తున్నది, కొనసాగింపు అవసరం లేదు అని సూపర్‌వైజరు రాసింది అందులో పైనే కనిపిస్తోంది.

"త్వరగా చెప్పండి. సైటు పనిచేస్తోందా, లేదా?" అన్నాడు పెద్దసారు.

"మీరే చూడుండ్రి సార్" అన్నాను. ఆయన కంప్యూటర్‌లో జిల్లా సైటు తెరిచాను. బంతిపూలు, జోడించిన చేతులు వచ్చాయి. ఆయన చెయ్యి అలవాటుగా కుడివైపుకు పోయింది. అక్కడ ఏమీ లేదు.

"మౌస్ ఏది?"

"నా సంచిల ఉంది సార్. మీరు లోపలికి పోయినంక ఇస్త."

ఆయన నన్ను ఒక చూపు చూశాడు. మనిషి మంచివాడు కాకపోతే నాకు ఆ రోజే మెమో వచ్చేది. ట్యాబ్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఎంటర్ నొక్కితే ఇంకో పెద్దమనిషి వచ్చి చేతులు జోడించాడు. ఎస్కేప్ నొక్కాడు. కీబోర్డు పని చేయడం లేదేమోనని దాన్ని ఎత్తి కింద కొట్టి చూశాడు. చెమట పట్టిందని అబద్ధం చెప్పను గానీ, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా సైటులోకి నేనే పోలేకపోతున్నానా?" అన్నాడు.

"పండుగ పూట ఆమెకు ఇదే అయితది సార్. ఆమె సంచిల మౌస్ లేదు. ఉన్నా పనికిరాదు."

ఆయనకు అర్థమైందని నాకు తెలుస్తోంది. అర్థమైన తరువాతే అసలు చిక్కు. ఆ బొమ్మ ఎవరిదో ఆయనకు నాకంటే బాగా తెలుసు. "ఇప్పుడు, పండుగ ముందు, ఆ ఫోటో తీసేయమని నేను రాయాలంటారా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఫోటో ఉండనీయుండ్రి సార్. ఎస్కేప్ కొడితే పక్కకు జరగాలె. అంతే."

ఆయన ఫైలు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. రేపు చూద్దాం అంటాడనుకున్నాను. ఆ మాట అంటే అయిపోయినట్టే. రేపు సెలవు, ఆ తరువాత కాంట్రాక్టు ఉండదు.

అప్పుడు సూపర్‌వైజరు ముందుకొచ్చాడు. నేను అస్సలు అనుకోని మనిషి. "సార్, ఆమె పిలిచినప్పుడల్లా నేనే పోయి గా బొమ్మను తీసేసిన సార్. తీసేసి, ఏం లేదు అని చెప్పిన. నాకు తీస్తున్నట్టే తెల్వది" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే ఆ సగం నవ్వు లేదు. "నేను రాసిన నోట్ వాపస్ తీసుకుంట."

చుట్టాల పిల్లగాడు ఏమయ్యాడని అడగాలనిపించింది. అడగలేదు. నా అనుమానానికి కూడా కొంచెం మర్యాద ఉంది.

పెద్దసారు భూపాలపల్లికి తనే ఫోన్ చేశాడు. ఎస్కేప్‌తో మూసుకునేలా వెంటనే మార్చమనీ, తన మాటగా రాతపూర్వకంగా కూడా పంపుతున్నాననీ చెప్పాడు. అవతలి మనిషి "అయిపోతది సార్" అన్నది నాకు వినిపించింది. ఆ మాటలో ఎంత తేలిక పడ్డాడో కూడా వినిపించింది. ఫైలులో పాత కాగితం మీద అడ్డంగా గీత గీసి, కొనసాగించవచ్చు అని రాసి సంతకం పెట్టి, "ఇప్పుడైనా మౌస్ ఇస్తారా?" అన్నాడు.

సాయంత్రానికి మార్పు అయింది. ఆఫీసులో ఆడవాళ్లందరూ పూల కోసం వెళ్లిపోయారు. ఆ అమ్మాయి గార్ల రైలుకు ఇంకా టైముంది. తన కుర్చీలో కూర్చుని, స్క్రీన్ అలాగే నల్లగా పెట్టి, సైటు తెరిచింది. గ్రాఫిక్ అన్నది ఆ గొంతు. ఎస్కేప్ నొక్కింది. పేజీ పేరు, మెనూ, దరఖాస్తులు వరుసగా చదవసాగింది. ఆమె నవ్వింది. మళ్లీ మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ ఎస్కేప్ నొక్కింది. చిన్నపిల్లలు తలుపు గడియ తీస్తూ వేస్తూ ఆడుకున్నట్టు కాసేపు అదే పని చేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు కనిపించదు కదా అని తుడుచుకోలేదు.

తరువాత హెడ్‌ఫోన్ తీసి అడిగింది. "మేడం, గా బొమ్మల ఏమున్నది? ఎన్నిసార్లు అడిగినా ఏం లేదు ఏం లేదు అన్నరు. ఏదో ఉంటది గద."

ఏడాదిగా ఆమెను ఆపింది ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదని నాకు అప్పుడే తట్టింది. స్క్రీన్ వేసి, పూలు, చేతులు, ఫోటోలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను.

"రాసి సుత ఉంటదా?"

"ఉన్నది." చదివాను. "జిల్లా ప్రజలందరికీ పండుగ శుభాకాంక్షలు."

"అందరికా?" అన్నది.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది, సరిగ్గా విన్నానా అన్నట్టు. ఆమె ముఖం నా గొంతు వైపే తిరిగి ఉంది, జవాబు కోసం.

"ఇయ్యాల్టిదాకా కాదు బిడ్డా" అన్నాను.